గూడ్సు పెట్టెపై అక్షరం, రంగు: నిజాం రైల్వే సరుకు వ్యాగన్ల నమూనా నిర్మాణంలో ఆధార విమర్శ

వ్యాససంగ్రహం:
రైల్వే చరిత్ర రచనలో ఇంజన్లకు, స్టేషన్లకు దక్కిన స్థానం సరుకు వ్యాగన్లకు దక్కలేదు. పాత వ్యాగన్ల చిన్న నమూనాలు తయారుచేసేవారు మాత్రం ఏ సంవత్సరంలో పెట్టెపై ఏ అక్షరాలుండేవి, ఏ రంగు ఉండేది అనే ప్రశ్నలు తప్పనిసరిగా వేసుకోవలసి వస్తుంది. హైదరాబాదు రాజ్యపు రైల్వేను ఉదాహరణగా తీసుకొని, ఈ ప్రశ్నలకు జవాబు వెతికే పద్ధతిని శాసన పరిశోధన పద్ధతితో అన్వయించి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నిజాం రైల్వే, గూడ్సు వ్యాగన్, లాలాగూడ, ఫసలీ, ఆధార విమర్శ, నమూనా నిర్మాణం.

1. ఉపోద్ఘాతం

అమీన్‌పూర్‌లో మా వీధిలో ఉండే ఒక విశ్రాంత కార్మికుడు పటాన్‌చెరు ప్రాంతపు కర్మాగారాల్లో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా పనిచేశారు. ఇప్పుడు ఇత్తడి రేకుతో, పలుచని చెక్కతో రైలు పెట్టెల నమూనాలు చేస్తున్నారు. ఒకనాడు అరచేతిలో ఇమిడే గూడ్సు పెట్టెను నా ముందు పెట్టి, “అమ్మా, మీరు పరిశోధన చేసినవారు గదా, నిజాం కాలంలో దీనికి ఏ రంగు ఉండేదో చెప్పండి, వేసేస్తాను” అన్నారు. “ఏ సంవత్సరపు పెట్టె?” అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, “సంవత్సరం కూడా కావాల్నా?” అన్నారు. ఈ వ్యాసానికి మూలం ఆ సంభాషణే.

మా ఊరికి దగ్గరలో ఉన్న లింగంపల్లి స్టేషను 1874లో ప్రారంభమైన సికింద్రాబాదు–వాడి మార్గంలో ఉంది. తెల్లాపూర్ వద్ద ఆ మార్గం నుండి విడివడిన శాఖ రామచంద్రాపురం వైపు, పారిశ్రామిక ప్రాంతంలోకి వెళుతుంది. నూట యాభై ఏళ్లుగా ఈ దారిన బొగ్గు, ధాన్యం, పత్తి, ఉక్కు, సిమెంటు ప్రయాణించాయి. అంతకుముందు దక్కనులో ఉప్పును, ధాన్యాన్ని లంబాడీల పెరికెడ్లు మోసేవి. ఎడ్ల స్థానంలోకి వచ్చిన పెట్టెల గురించి మాత్రం మన చరిత్ర గ్రంథాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి కనిపించదు.

2. పెట్టె కూడా శాసనమే

శాసన పరిశోధకుడు రాతిపై మొదట చూసేవి కొన్ని ఉంటాయి: వేయించినవారి పేరు, కాలం, దానవివరం, కొలతలు, లిపి. గూడ్సు పెట్టె పక్కగోడపై కూడా ఇంచుమించు ఇవే ఉంటాయి. యజమాని రైల్వే పేరులోని తొలి అక్షరాలు, పెట్టె సంఖ్య, రకాన్ని సూచించే గుర్తు, పెట్టె సొంత బరువు, మోయగల బరువు, చివరిసారి వర్క్‌షాపులో సంపూర్ణ మరమ్మతు జరిగిన తేదీ, ఆ వర్క్‌షాపు గుర్తు. కింది చట్రానికి బిగించిన పోత ఇనుప పలకపై తయారీదారు పేరు, తయారైన సంవత్సరం ఉంటాయి.

వీటిలో పలక ఒక్కటే పెట్టె పుట్టుకను చెబుతుంది. తక్కిన రాతలన్నీ రంగు మార్చినప్పుడల్లా మారేవి. రాతి శాసనం ఒకసారి చెక్కితే నిలుస్తుంది. పెట్టెపై రాత తాళపత్ర ప్రతివలె మళ్లీమళ్లీ ఎత్తిరాసినది. అందువల్ల 1920 నాటి పలక ఉన్న పెట్టెపై 1955 నాటి అక్షరాలు కనిపించడంలో వైరుధ్యం లేదు. పలకపై తేదీని రంగుకు, అక్షరాలకు అన్వయించడం నమూనాకారులు తరచుగా చేసే పొరపాటు. వ్రాతప్రతి కాలాన్ని కావ్యరచనా కాలంగా భావించడం మన రంగంలోనూ ఉన్నదే.

3. అక్షరాల వెనుక రాజకీయం

వాడి–సికింద్రాబాదు మార్గం నిజాం ప్రభుత్వపు సొమ్ముతో నిర్మితమైంది. దానిని తూర్పున చాందా దిశగా పొడిగించే పథకం 1883లో వచ్చినప్పుడు, అందులోని ఆర్థిక షరతులపై హైదరాబాదులో తీవ్రమైన చర్చ జరిగింది. చాందా రైల్వే ఆందోళనగా ప్రసిద్ధమైన ఆ వివాదంలో అఘోరనాథ్ చటోపాధ్యాయను ప్రభుత్వం నగరం నుండి బహిష్కరించింది. అదే ఏడాది లండనులో ఏర్పడిన కంపెనీ పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. కంపెనీ పెట్టుబడికి నిర్ణీత వడ్డీ వస్తుందని రాజ్యం హామీ ఇచ్చింది. ఆ హామీయే పేరులోని “గ్యారంటీడ్” అనే మాట.

ఈ మార్గం 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. డోర్నకల్లు నుండి ఇల్లెందు శాఖ 1888లో ఏర్పడటంతో సింగరేణి బొగ్గు పెట్టెల్లోకెక్కింది. హైదరాబాదు–గోదావరి వ్యాలీ రైల్వే మీటరు గేజి మార్గం మన్మాడు వరకు 1901 నాటికి పూర్తయింది. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం కంపెనీ నుండి రైల్వేను స్వాధీనం చేసుకుంది. దానితో పేరులోని “గ్యారంటీడ్” తొలగి, నిజామ్స్ స్టేట్ రైల్వే మిగిలింది. 1951 నవంబరు 5న అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

ఎన్.జి.ఎస్.ఆర్., ఎన్.ఎస్.ఆర్., సి.ఆర్., ఎస్.సి. అనే సంక్షిప్త నామాల క్రమం హైదరాబాదు రాజ్యపు ఆర్థిక, రాజకీయ చరిత్రకు సంగ్రహ రూపం. ఒక “జి” అక్షరం ఉండటం, లేకపోవడం వెనుక ఒక ప్రజాందోళన, ఒక బహిష్కరణ, నలభై ఆరేళ్ల కంపెనీ పాలన ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. యాజమాన్యం మారిన మర్నాడే వేల పెట్టెలపై అక్షరాలు మారవు. పెట్టె మరమ్మతు వంతు వచ్చి వర్క్‌షాపుకు చేరినప్పుడే కొత్త రాత పడుతుంది. హైదరాబాదు రాజ్యంలో ఆ పనికి ప్రధాన స్థానం 1893లో స్థాపితమైన లాలాగూడ వర్క్‌షాపు. కాబట్టి 1952 నాటి గూడ్సు బండి నమూనాలో అన్ని పెట్టెలపైనా ఒకే కొత్త అక్షరాలు రాయడం కంటే, పాతవీ కొత్తవీ కలిపి చూపడమే చరిత్రకు దగ్గర. రాజ్యాలు ఒక్క రోజులో మారినా వాటి పెట్టెలు మారడానికి ఏళ్లు పడుతుంది.

4. తేదీలు, తూనికలు

నిజాం ప్రభుత్వ పరిపాలనా నివేదికలను ఆధారం చేసుకునేవారికి మొదట ఎదురయ్యేది ఫసలీ సంవత్సరం. హైదరాబాదులో అది అక్టోబరు తొలివారంలో మొదలయ్యేది. 1340 ఫసలీ అంటే 1930 అక్టోబరు నుండి 1931 అక్టోబరు వరకు. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందనే సూత్రం ఏడాదిలో తొలి మూడు నెలలకే సరిపోతుంది. తరువాతి తొమ్మిది నెలలకు 591 కలపాలి. ఉదాహరణకు రైల్వే స్వాధీనం జరిగిన 1930 ఏప్రిల్ 1339 ఫసలీలోకి వస్తుంది. 590 మాత్రమే కలిపితే అది 1929 అవుతుంది; నమూనాపై అక్షరాలు ఒక ఏడాది ముందే మారిపోతాయి.

తూనికలు మరొక ఆధారం. బ్రిటిష్ పద్ధతిలో బరువును టన్నులు, హండ్రెడ్‌వెయిట్లలో రాసేవారు. ఇరవై హండ్రెడ్‌వెయిట్లు ఒక టన్ను. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తరువాత దేశం క్రమంగా మెట్రిక్ పద్ధతికి మారింది. సి.ఆర్. అక్షరాలున్న పెట్టెపై హండ్రెడ్‌వెయిట్లు ఉంటే ఆ రాత 1951 తరువాతిదనీ, మెట్రిక్ మార్పుకు ముందుదనీ తేల్చవచ్చు. ఫోటోపై తేదీ లేకున్నా ఈ రెండు అంశాలే దాని కాలాన్ని పదేళ్ల లోపుకు కుదిస్తాయి.

5. రంగు: ఫోటో చెప్పే అబద్ధం

అక్షరాల తరువాత అసలు చిక్కు రంగుతోనే. పాత ఫోటోలన్నీ నలుపు తెలుపువి కావడం ఒక్కటే సమస్య కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో విరివిగా వాడిన ఆర్థోక్రొమాటిక్ పలకలు ఎరుపు కాంతిని దాదాపు గ్రహించవు, నీలాన్ని ఎక్కువగా గ్రహిస్తాయి. ఫలితంగా ఎర్రని వస్తువు నల్లగానూ, నీలి వస్తువు తెల్లగానూ పడుతుంది. ఇనుప ఆక్సైడ్ ఎరుపు రంగు పెట్టె అలాంటి ఫోటోలో తారు పూసినట్లు కనిపిస్తుంది. దానిని చూసి నలుపు రంగు వేయడం సాక్షి మాటను అనువాదకుని తప్పుతో సహా స్వీకరించడమే.

సరుకు వ్యాగన్లకు ఇనుప ఆక్సైడ్ రంగు ప్రపంచమంతటా వాడుకలోకి రావడానికి కారణాలు స్పష్టం. అది చవక, ఎండకు త్వరగా వెలవదు, మసిని, మరకను కప్పుతుంది. మన ఇళ్ల గడపలకు, గోడలకు పూసే జాజు కూడా ఇనుప ఆక్సైడ్ ఉన్న ఎర్రమన్నే. జాజు పూసిన గోడ పండుగనాడు ఒక రంగు, వానాకాలం దాటాక మరొక రంగు. పెట్టె కూడా అంతే. వర్క్‌షాపు నుండి వెలువడిన రోజు ముదురు ఎరుపు. కొన్నేళ్ల ఎండకు పొడిబారిన లేత గోధుమ. బొగ్గు మోస్తే గోధుమ మీద నలుపు. కనుక “అసలు రంగు ఏది?” అనే ప్రశ్న అసంపూర్ణం. “రంగు వేసిన ఎన్నాళ్లకు?” అని కూడా అడగాలి.

చక్రాలు తొలగించి గోదాములుగా నేలపై దించిన పాత పెట్టెల్లో రంగు పొరలు మిగిలి ఉంటాయి. ఒక మూలను ఇసుక కాగితంతో ఏటవాలుగా రుద్దితే పొరలు చెట్టు వలయాల్లా బయటపడతాయి. అయితే అట్టడుగు పొరను తొలి రంగుగా నిర్ణయించడం ప్రమాదకరం. ఇనుముకు తుప్పు పట్టకుండా ముందుగా వేసే ప్రైమరు కూడా తరచుగా ఎరుపే. దానిపైన ఉన్న పొరే లోకం చూసిన రంగు.

6. కొలత, సహవాసం

నమూనా నిర్మాణం మరో రెండు విషయాలను బయటపెడుతుంది. మొదటిది గేజి. 1:87 నిష్పత్తిలో అంగడిలో దొరికే పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అది 1435 మిల్లీమీటర్ల ఐరోపా గేజికి సరిపోతుంది. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, అంటే ఆ నిష్పత్తిలో 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. కొనుక్కున్న పట్టాలపై నిలిపిన నిజాం బ్రాడ్ గేజి పెట్టె నడుము బిగించినట్లు కనిపించడానికి కారణమిదే. గోదావరి వ్యాలీ మీటరు గేజి మాత్రం 11.5 మిల్లీమీటర్లకు వస్తుంది. అంగడిలోని 12 మిల్లీమీటర్ల పట్టాలకు అది చాలా దగ్గర. మన్మాడులో గేజి మారేచోట సరుకంతా ఒక పెట్టె నుండి మరొక పెట్టెకు కూలీల వీపుల మీద మారేదన్న వాస్తవం ఈ రెండు పట్టాలను పక్కపక్కన పెట్టినప్పుడు కంటికి కనిపిస్తుంది.

రెండవది సహవాసం. 1935 నాటి లింగంపల్లి స్టేషను నమూనాలో అన్నీ నిజాం పెట్టెలే ఉంటే అది చారిత్రకంగా అనుమానాస్పదం. వాడి వద్ద గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతోనూ, బెజవాడ వద్ద మద్రాస్ అండ్ సదరన్ మహరాటా రైల్వేతోనూ ఈ మార్గం కలిసేది. ఇతర రైల్వేల పెట్టెలు సరుకుతో వచ్చి వెళ్లేవి. ఒక గూడ్సు బండిలోని అక్షరాల మిశ్రమం ఆనాటి వ్యాపార సంబంధాల పటం.

7. ముగింపు

పై చర్చ నుండి ఈ నిర్ణయాలకు రావచ్చు:

1) వ్యాగన్ తయారీ తేదీని, దానిపై రాత తేదీని వేర్వేరుగా నిర్ణయించాలి.
2) యాజమాన్య మార్పు తేదీ కొత్త రాతకు తొలి హద్దు మాత్రమే, పాత రాతకు ముగింపు కాదు.
3) ఫసలీ సంవత్సరాన్ని నెలతో కలిపి మార్చుకోవాలి.
4) నలుపు తెలుపు ఫోటో రంగుకు స్వతంత్ర సాక్ష్యం కాదు, రంగు పొరలతోనో, లిఖిత ఆధారంతోనో పోల్చి చూడాలి.
5) నమూనాతోపాటు ఏ అంశానికి ఏ ఆధారమో తెలిపే చిన్న పత్రం ఉండాలి. ఊహించినదాన్ని ఊహ అని రాయాలి.

ఐదవ నిర్ణయం అన్నిటికంటే ముఖ్యం. నాలుగు చక్రాల పాత పెట్టెలు పట్టాల మీద నుండి దాదాపు తొలగిపోయాయి. తుక్కుకు వెళ్లిన పెట్టెతో దాని రాత కూడా కరిగిపోతుంది. స్టెన్సిల్ పట్టి ఆ రాత రాసినవారి చేతి జ్ఞానం వారితోనే పోతుంది. రేపటి విద్యార్థికి మిగిలేది నమూనాయే. అప్పుడు నమూనాపై వేసిన రంగే నిజాం రైల్వే రంగుగా గ్రంథాల్లోకి ఎక్కుతుంది. తప్పు పాఠంతో అచ్చయిన ఒక పద్యం వందేళ్లు అలాగే చదవబడటం మనం ఎరిగినదే.

మా వీధి పెద్దాయన చివరకు సంవత్సరాన్ని 1953గా నిర్ణయించుకున్నారు. నాలుగు పెట్టెల్లో రెండింటిపై ఎన్.ఎస్.ఆర్., రెండింటిపై సి.ఆర్. రాశారు. పాత అక్షరాలున్న రెండింటికీ వెలిసిన జాజు రంగు వేశారు. పెట్టెల అడుగున పెన్సిలుతో ఒక మాట రాసి నాకు చూపించారు: “అక్షరాలకు ఆధారం ఉంది. రంగు నా అంచనా.”