నల్లరాతి గుళ్లు, చల్లారిన నిప్పు



"అమ్మమ్మా, అగ్నిపర్వతం చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?" అని మా మనవడు అడిగాడు. స్కూలు పుస్తకంలో బొమ్మ చూశాడు లెండి. "మన దేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కేది ఒక్కటే నాయనా, అండమాన్ దగ్గర బారెన్ ద్వీపంలో. ఓడెక్కి వెళ్లాలి, నీకూ నాకూ అయ్యే పని కాదు" అన్నాను. సరిగ్గా వారానికి మా కాలనీ మహిళా మండలి వాళ్లు నల్గొండ గుళ్లు చూసే యాత్ర వేశారు. పొద్దున్నే బస్సెక్కడం, రాత్రికి ఇల్లు చేరడం. వాణ్ణీ వెంటబెట్టుకుని వెళ్లాను. గుళ్లు చూపిద్దామని తీసుకెళ్లినదాన్ని, వాడితోపాటు అగ్నిపర్వతం కూడా చూసి వచ్చాను. ఆ సంగతే ఈవేళ మీతో చెప్పాలని.

మాకు దారి చూపించడానికి రిటైరైన చరిత్ర మాస్టారు ఒకాయన వచ్చారు. హైదరాబాదు దాటి విజయవాడ రోడ్డు పట్టాక, పులిహోర పొట్లాలు విప్పే లోపలే ఆయన బస్సు ఆపించారు. "దిగండమ్మా, ఇక్కడొకటి చూడాలి" అన్నారు. చూస్తే గుడీ లేదు, గోపురమూ లేదు. ఆ వైపంతా మీకు తెలిసిందే కదా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండరాళ్ల గుట్టలు. వాటి మధ్య నుంచి మాత్రం నల్లటి రాళ్ల వరస ఒకటి, ఎవరో గీత గీసినట్టు దూరంగా సాగిపోతోంది.

"ఏం బాబూ, అగ్నిపర్వతం కావాలన్నావట కదా? ఇదిగో, దాని లోపలి నిప్పు నడిచిన దారి" అన్నారు మాస్టారు.

మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. "ఈ ఎర్రటి, బూడిదరంగు బండలున్నాయే, ఇవి దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఆ తర్వాత భూమి లోపల ఒత్తిడికి వీటిలో పగుళ్లు పడ్డాయి. అడుగున సలసల కాగుతున్న రాతి ద్రవం ఆ పగుళ్లలోకి ఎగదన్నుకొచ్చి, అక్కడే గట్టిపడిపోయింది. దాన్ని భూగర్భ శాస్త్రం వాళ్లు డైక్ అంటారు, ఆ రాయిని డోలరైట్ అంటారు. ఇలాంటివి నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందటి మాట ఇది. పైన నేల ఎప్పుడో అరిగిపోయింది, లోపలి దారి మనకు మిగిలింది" అని వివరించారు.

మరి ఒక రాయి పలకలు పలకలుగా మెరుస్తూ, ఇంకో రాయి నున్నగా నల్లగా ఎందుకుంటుంది? దీనికి జవాబు మన వంటింట్లోనే ఉంది. పంచదార పాకాన్ని నిదానంగా ఆరనిస్తే పెద్ద పెద్ద పలుకులు కట్టి పటికబెల్లం అవుతుంది. త్వరగా చల్లారిస్తే సన్న పలుకే కడుతుంది. రాయి సంగతీ అంతే. లోతున చాలాకాలం చల్లారింది గనక బండరాయికి పెద్ద పలుకు. ఇరుకు పగుళ్లలో తొందరగా చల్లారింది గనక నల్లరాయికి సన్న పలుకు. సన్న పలుకు రాయి మీద శిల్పి ఉలి వెంట్రుకంత గీత కూడా గీస్తుంది. నున్నగా రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఈ కాలం ఇళ్లలో వంటగట్టుకు బ్లాక్ గ్రానైటు అని వేయించుకుంటున్నామా, వాటిలో చాలా భాగం ఈ జాతి రాయే. చూశారా, అగ్నిపర్వతం కోసం అండమాన్ దాకా వెళ్లక్కర్లేదు. స్టవ్వు కిందే పెట్టుకుని చారు కాచుకుంటున్నాం!

బస్సు మళ్లీ కదిలింది. మా పక్కింటి వదినగారు ఆరోజు నారాయణపేట చీర కట్టుకున్నారు. మాస్టారు దాన్ని చూసి, "ఆ చీర నేసిన ఊరి చుట్టుపక్కల ఇంతకంటే విచిత్రం ఉందమ్మా" అన్నారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆ నారాయణపేట ప్రాంతంలోనే, దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట, భూమి లోపల నూట యాభై కిలోమీటర్లకు పైగా లోతు నుంచి రాతిద్రవం గొట్టాల్లాంటి దారుల్లో తన్నుకొచ్చిందట. ఆ రాయిని కింబర్‌లైట్ అంటారు. ప్రపంచంలో వజ్రాలు భూమి పైకి చేరింది ఎక్కువగా ఇటువంటి రాయి వెంటే. అలాగని నారాయణపేటలో ఎక్కడ తవ్వినా వజ్రాలు దొరుకుతాయని కాదు సుమా! వదినగారు మాత్రం కొంగు ఒకసారి సవరించుకున్నారు.

నల్గొండ ఊరి పక్కనే పానగల్లు. ఇప్పుడు చూస్తే చిన్న ఊరే గానీ, 11, 12 శతాబ్దాల్లో కందూరు చోడుల రాజధాని. వీళ్లు కల్యాణి చాళుక్యుల సామంతులు. కందూరు అన్నది మహబూబ్‌నగర్ వైపు ఊరు. అంటే ఈ రెండు జిల్లాలకూ అప్పటి నుంచే చుట్టరికం. పానగల్లులో ఉదయసముద్రం అని పెద్ద చెరువుంది. ఉదయ చోడుడి పేరు మీద వెలసింది. తొమ్మిది వందల ఏళ్ల కిందటి ఆ చెరువు ఇవాళ్టికీ నీళ్లు నిలుపుతోంది.

అక్కడ రెండు గుళ్లు చూశాం. పచ్చల సోమేశ్వరాలయంలో స్తంభాలు ఒక అడవిలా ఉంటాయి. రామాయణం, భారతం ఘట్టాలు రాతి మీద బొమ్మలుగా చెక్కారు. మా మనవడు ఒక్కో బొమ్మా గుర్తుపట్టి చెబుతుంటే నాకు మహా సంబరం. పక్కనే మ్యూజియం కూడా ఉంది, తప్పకుండా చూడండి.

రెండోది ఛాయా సోమేశ్వరాలయం. మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. అందులో శివుడి గుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పడుతుంది. పొద్దున వెళ్లినా, సాయంత్రం వెళ్లినా ఆ నీడ అక్కడే. ఏ స్తంభానిదో చెయ్యి అడ్డుపెట్టి కనుక్కుందామని మేమంతా తెగ ప్రయత్నించాం. మాస్టారు చెప్పాక గానీ తెలియలేదు. నేరుగా సూర్యుడి ఎండ లోపలికి రాదు. పక్కల నుంచి మండపంలోకి చెదిరి వచ్చే వెలుగును గర్భగుడి ముందున్న స్తంభాలు ఆపుతాయి. అందుకే సూర్యుడు కదిలినా నీడ కదలదు. దీపం ఎక్కడ పెడితే ఏ మూల చీకటి పడుతుందో ఇల్లాలికి తెలిసినట్టు, ఆ శిల్పికి వెలుగు నడక తెలుసు.

భోజనాలయ్యాక బస్సు మళ్లీ పెద్ద రోడ్డెక్కి, నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే పల్లెకు తిరిగింది. "ఇక్కడ ఏ గుడి మాస్టారూ?" అంటే, "గుడి కోసం కాదమ్మా, ఒక రాయి కోసం" అన్నారు. అది శాసనం రాయి. పువ్వుల ముమ్మడి అనే ఆయన ఆ ఊరి దేవుడికి భూమి ఇస్తూ వేయించింది. ఆ దానం ఎవరి పుణ్యం కోసమంటే, శివసాయుజ్యం పొందిన కాకతి మహాదేవి కోసం, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడి కోసం. కాకతి మహాదేవి అంటే ఎవరో కాదు, మన రాణి రుద్రమదేవి!

శాసనం మీది తేదీ 1289 నవంబరు 27కు సరిపోతుంది. ఈ రాయి బయటపడక ముందు చరిత్ర పుస్తకాల్లో రుద్రమ 1295, 1296 దాకా పాలించిందని రాసేవారు. శాసన పరిశోధకులు పి.వి.పరబ్రహ్మశాస్త్రిగారు దీన్ని చదివి లోకానికి తెలిపాక ఆ లెక్క మారిపోయింది. రాణీ, సేనానీ ఒకేసారి పోయారంటే అది యుద్ధంలోనే అయి ఉంటుందని, తిరగబడిన సామంతుడు అంబదేవుడితో జరిగిన పోరులో ఆమె ఒరిగిపోయి ఉంటుందని చరిత్రకారులు ఊహిస్తారు. అంత పెద్ద రాజ్యం ఏలిన రాణి ఎప్పుడు పోయిందో చెప్పింది ఏ కోటా కాదు, ఏ పెద్ద గ్రంథమూ కాదు. ఒక పల్లెలో ఒక మామూలు మనిషి వేయించిన రాయి.

సోదరీమణులారా, ఆ మాట వినగానే నా గుండె కలుక్కుమంది. ఎందుకో చెబుతాను, దాచుకోవడం దేనికి? మా పుట్టింటి ఊళ్లో చెరువు గట్టున ఒక రాయి ఉండేది. దాని మీద అక్షరాల్లాంటి గీతలు వరసలుగా ఉండేవి. చదునుగా ఉందని ఆడపిల్లలం అందరం దాని మీద బట్టలు ఉతికేవాళ్లం. గరుగ్గా ఉన్నచోట దుప్పట్లు బాగా తెల్లబడతాయని పోటీ పడేవాళ్లం కూడా! పండగొస్తే పసుపు పూసి కుంకం బొట్లు పెట్టేవాళ్లం. అది ఏం చెబుతోందని ఒక్కనాడూ ఎవరమూ అడగలేదు. ఇంటికి వచ్చాక తమ్ముడికి ఫోను చేసి అడిగాను. "ఆ రాయా అక్కా? గట్టు మెట్లు కట్టినప్పుడు పగలగొట్టి వేసేశారుగా" అన్నాడు. దాని మీద ఎవరి పేరుందో ఇక ఎప్పటికీ తెలియదు. ఒక చెరువు తవ్వించిన ఇల్లాలి పేరేనేమో, ఏమో!

ఇలా ఎందుకంటున్నానో పిల్లలమర్రి వెళితే మీకే తెలుస్తుంది. సూర్యాపేట పక్కనే ఉందీ ఊరు. పిల్లలమర్రి పినవీరభద్ర కవి ఇంటిపేరులో ఉన్నది ఈ ఊరి పేరే. కాకతీయులకు సామంతులైన రేచర్ల వారి ఊరిది. ఇక్కడ నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం ఉంది. ఎరకేశ్వరాలయం కూడా ఉంది. ఈ రెండోదాన్ని కట్టించింది ఎరకసాని అనే ఆవిడ. బేతిరెడ్డి భార్య. 1208లో కట్టించింది. గుడికి తన పేరే పెట్టుకుంది. ఎరకసాని ఎరకేశ్వరుడు! భర్త పేరు చాటున కాదు, తన పేరుతోనే ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడి ఉంది.

ఆ గుడి స్తంభాలు చూడాలి మీరు. నల్లగా, నున్నగా, మొహం కనిపించేటంత మెరుపు. సాయంకాలపు ఎండ పడితే రాయి కాదు, పోతపోసిన లోహమేమో అనిపిస్తుంది. దండలు, గొలుసులు, నాట్యగత్తెల కాళ్ల గజ్జెలు అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. ఇది జరిగిన ఐదేళ్లకు, 1213లో రేచర్ల వంశంలోనే మరో శాఖకు చెందిన రుద్రుడు రామప్ప గుడి కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందే, ఆ గుడి. దాని చూరు కింద నిలబడ్డ అందమైన మదనికలకు వాడిందీ డోలరైట్ రాయే.

నేను ఒక స్తంభం దగ్గర ఆగి అరచెయ్యి ఆనించబోయాను. మాస్టారు మెల్లగా, "చూపుతో తాకండి తల్లీ, చేతి జిడ్డు రాయికి పడదు" అన్నారు. మా మనవడు వెంటనే, "అమ్మమ్మా, ఇది పొద్దున చూసిన అగ్నిపర్వతం రాయేనా?" అన్నాడు. "ఆ జాతిదే బాబూ" అన్నారాయన. వాడు కాసేపు ఆలోచించి, "అయితే ఇప్పుడు పూర్తిగా చల్లారిపోయిందా?" అన్నాడు. ఎవరమూ వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

ఇంటికి తిరిగొస్తూ బస్సులో నాకు తోచింది చెబుతాను. కోట్ల ఏళ్ల కిందట భూమి కడుపులో మండిన నిప్పు రాయి అయింది. రాయి గట్టిది గనక ఒక ఆడదాని పేరు ఎనిమిది వందల ఏళ్లు మోసింది. కానీ ఆ రాయికీ శత్రువులున్నారు. వానా, ఎండా కాదు, మనమే. శాసనం మీద నూనె పోస్తాం, దుమ్ము పట్టి అక్షరం పూడిపోతుంది. ఆ జిడ్డు వదిలించాలని గీకుతాం, అక్షరం అరిగిపోతుంది. శుభ్రంగా ఉండాలని సున్నం కొడతాం, పెయింటు వేస్తాం. నిధులున్నాయని పుకారు పుట్టించి రాత్రిపూట తవ్వేవాళ్లు ఒకరు, క్వారీకీ కంకరకీ పగలగొట్టేవాళ్లు మరొకరు. భక్తి లేకపోవడం వల్ల కాదు, తెలియకపోవడం వల్లే ఎక్కువ నష్టం. నేనే అందుకు సాక్ష్యం.

కాబట్టి మీకు నా మనవి ఒకటే. సెలవులకు పుట్టింటికో అత్తింటికో వెళ్లినప్పుడు ఊరి గుడి దగ్గర, చెరువు గట్టు మీద, రచ్చబండ పక్కన ఒక్కసారి చూడండి. అక్షరాల రాయి కనిపిస్తే పసుపు పూయకండి, సుద్దముక్కతో దిద్దకండి. పొద్దునో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేవేళ ఒక ఫోటో తీయండి. అప్పుడు అక్షరాల లోతులో నీడ నిలిచి స్పష్టంగా కనిపిస్తాయి. ఊరి పెద్దలకు చెప్పండి, పురావస్తు శాఖ వారికి తెలియజేయండి. వాళ్లు తడి కాగితం రాయి మీద పరిచి, బ్రష్షుతో తట్టి, సిరా అద్ది అచ్చు తీసుకుంటారు. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా లేచి వస్తాయి. తర్వాత ఆ రాయికి ఏమైనా, అందులోని మాట మాత్రం బతుకుతుంది.

మొన్న వంటగట్టు తుడుస్తుంటే మనవడు వచ్చి, "అమ్మమ్మా, అగ్నిపర్వతం తుడుస్తున్నావా?" అన్నాడు. "అవునురా" అన్నాను. చెయ్యి మాత్రం కాసేపు ఆ నల్లరాయి మీదే ఉండిపోయింది. మా ఊరి చెరువు గట్టు మీద నేను రోజూ బట్టలు బాదిన రాయి గుర్తొచ్చింది. మీ ఊరి రాయి ఇంకా ఉండే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు చూసి రండి.

సెలవు.