గొంతులో యాసిడ్: ‘రిఫ్లక్స్ సింప్టమ్ ఇండెక్స్’ ప్రశ్నలు మన భాషలోకి ఎలా రావాలి?

కడుపులోని ఆమ్లం, జీర్ణరసాలు అన్నవాహిక దాటి గొంతుదాకా ఎగదన్నడాన్ని ల్యారింగో ఫ్యారింజియల్ రిఫ్లక్స్, పొట్టిగా ఎల్‌పీఆర్ అంటారు. దీంట్లో చాలామందికి ఛాతీలో మంట అసలు ఉండదు. గొంతు బొంగురుపోవడం, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం, ఏదో అడ్డం పడ్డట్టు ఉండడం... ఇవే కనిపిస్తాయి. అందుకే ‘గొంతు ఇన్ఫెక్షన్’ అనుకుని నెలల తరబడి మందులు మింగేవాళ్లున్నారు. ఇంత గజిబిజిగా ఉండే జబ్బును కొలవడానికి అమెరికాలో బెలాఫ్‌స్కీ, పోస్ట్‌మా, కౌఫ్‌మన్ అనే డాక్టర్లు 2002లో ‘రిఫ్లక్స్ సింప్టమ్ ఇండెక్స్’ (ఆర్‌ఎస్‌ఐ) అనే ప్రశ్నపత్రాన్ని ప్రచురించారు.

ఇందులో 9 ప్రశ్నలు. గత నెల రోజుల్లో ఒక్కో బాధ ఎంత ఇబ్బంది పెట్టిందో 0 నుంచి 5 దాకా రోగే మార్కులు వేసుకోవాలి. మొత్తం 45. మార్కులు 13 దాటితే రిఫ్లక్స్‌ను అనుమానించాలన్నది లెక్క.

ఇంగ్లీషు పత్రాన్ని తెలుగులోకో ఉర్దూలోకో దించేసి పేషెంటు చేతిలో పెడితే సరిపోదు. ‘హార్ట్‌బర్న్’ ప్రశ్నే చూడండి. మాటకు మాట పెట్టి ‘గుండె మంట’ అంటే కొందరు గుండెజబ్బు అనుకుని హడలిపోతారు. పోనీ ‘కడుపుమంట’ అందామంటే మన వాడుకలో అది అసూయ, దుఃఖం కూడా. ‘ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు’ అంటే అందరికీ తెలుస్తుంది. ఇంట్లో దక్కనీ మాట్లాడే అమ్మకు మాత్రం ‘సీనే మే జలన్’ అన్నదే సూటిగా తగులుతుంది. ‘చోకింగ్’కు తెలుగులో ‘పొలమారడం’ అనే మంచి మాట ఉంది. కానీ ఎవరో తలుచుకుంటే పొలమారుతుందని నవ్వి వదిలేసే అలవాటు కూడా మనకుంది. ఊపిరాడకుండా ఉక్కిరిబిక్కిరి కావడమని విడమరిచి చెప్పకపోతే ఆ గడిలో సున్నానే పడుతుంది.

అందుకే పద్ధతి ప్రకారం కనీసం ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. రెండింటినీ కలిపి ఒక ప్రతి తయారుచేస్తారు. అసలు పత్రం చూడనివాళ్లు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తెస్తారు. అర్థం జారిపోయిన చోటు ఇక్కడే బయటపడుతుంది. తర్వాత డాక్టర్లు, భాష తెలిసినవాళ్లు కూర్చుని సరిచేసి, కొద్దిమంది రోగులతో చదివించి ‘మీకేం అర్థమైంది?’ అని అడుగుతారు. ఆదరాబాదరాగా చేసే అనువాదాల్లో ఎగిరిపోయేది ఈ చివరి మెట్టే.

ఆ తర్వాతే అసలు పరీక్ష. మందు మొదలెట్టకముందే అదే మనిషికి వారం పది రోజుల తేడాతో రెండుసార్లు పత్రమిస్తే మార్కులు దాదాపు ఒకేలా రావాలి. ప్రశ్నల మధ్య పొంతనకు ‘క్రాన్‌బాక్ ఆల్ఫా’ అనే లెక్క ఉంది, మామూలుగా 0.7 పైన ఉంటే ఒప్పుకుంటారు. జబ్బున్నవాళ్ల మార్కులు లేనివాళ్ల కంటే స్పష్టంగా ఎక్కువుండాలి, చికిత్సతో తగ్గాలి. మొదటి అధ్యయనంలో 25 మంది రోగుల సగటు 21.2 ఉండగా, ఆరు నెలల మందు తర్వాత 12.8కి దిగింది.

అరబిక్, ఇటాలియన్, గ్రీకు వంటి భాషల్లో ఈ పని జరిగింది. అరబిక్ రూపాన్ని రియాద్‌లోని కింగ్ సౌద్ యూనివర్సిటీ డాక్టర్లు తయారుచేశారు.

‘గత నెల’ అన్న మాట దగ్గర మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఆ నెల రంజాన్ అయితే రాత్రి ఆలస్యంగా తినడం, సెహరీ కాగానే మళ్లీ నడుం వాల్చడం మామూలే. తిన్నాక, పడుకున్నాక వచ్చే దగ్గు గురించి ఒక ప్రశ్న ఉంది కాబట్టి జవాబు ఏ నెలదో డాక్టరుకు చెప్పాలి. పాఠం చెప్పే టీచరుకు, అజాన్ ఇచ్చే మౌజన్ సాహెబ్‌కు గొంతు వాడకం వల్లే బొంగురు రావచ్చు, ఆ సంగతీ చెప్పాలి.

ఎందుకంటే అలర్జీ, సైనస్, సిగరెట్ వల్ల కూడా 13 దాటొచ్చు. ఈ మార్కులు రోగనిర్ధారణ కాదు. మూడు వారాలు దాటిన బొంగురు, మింగితే నొప్పి, కఫంలో రక్తం, మెడలో గడ్డ, బరువు తగ్గడం ఉంటే లెక్కలు వేసుకుంటూ కూర్చోకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికెళ్లి స్వరపేటికను గొట్టం కెమెరాతో చూపించుకోవాలి. గుట్కా, బీడీ అలవాటున్నవాళ్లయితే మరీ ముఖ్యం.