బండి ఒళ్లే రెండో తీగ

పాత అంబాసిడర్‌కి వెనక ఎర్రదీపం వెలగకపోతే యజమాని చెయ్యి ముందుగా బల్బు మీదికి పోయేది. ఆటో ఎలక్ట్రీషియన్ చెయ్యి హోల్డరు మీదికి పోయేది. బల్బు తీసి వెలుతురుకు ఎత్తి చూసి, అది బాగానే ఉంటే హోల్డరు లోపల గీకి, దాన్ని బాడీకి బిగించిన స్క్రూ విప్పి, ఆ చోట తుప్పూ రంగూ పోయి మెరిసే ఇనుము కనపడేదాకా గరుకు కాగితంతో రుద్దేవాడు. అతని రోగనిర్ణయం చాలాసార్లు రెండు మాటల్లో ముగిసేది: ఎర్తు అందట్లేదు. ఈ పనితీరును కొందరు మనవాళ్ల సర్దుబాటు తెలివి అని మెచ్చుకుంటారు, మరికొందరు పుస్తకం తెలియని అలవాటు అని తీసిపారేస్తారు. రెండూ సరికావని నా వాదన. ఆ పద్ధతి కారు నిర్మాణంలోంచే పుట్టింది. ఆ నిర్మాణం మన రోడ్ల మీద దశాబ్దాలపాటు మారకుండా ఉండటంవల్ల అది ఒక పూర్తి విద్యగా గట్టిపడింది.

వెనక దీపం మొదటినుంచీ ఆఖరి వంతుదే. మన ఎడ్లబండ్లకు రాత్రి ప్రయాణంలో ఇరుసు కింద లాంతరు వేలాడేది. తొలి మోటారు బండ్లకూ వెనక ఉన్నది అలాంటి నూనె దీపమే. 1912లో కాడిలాక్ కారుకు విద్యుత్ స్టార్టరు, విద్యుత్ దీపాలు కలిసి వచ్చాయి. ఫోర్డ్ మోడల్ టీకి 1915లో ముందు దీపాలు విద్యుత్తుకు మారినా వెనక దీపం ఇంకా కిరోసిన్‌తోనే వెలిగింది. డ్రైవరు కళ్లకు ఎదురుగా ఉన్నదాని మీద ఉన్న శ్రద్ధ అతని వీపు వెనక ఉన్నదాని మీద లేకపోవడం ఈ కథ పొడవునా కనిపిస్తుంది. విద్యుత్ దీపాలతోపాటు ఒక పొదుపు కూడా స్థిరపడింది. దీపానికి కరెంటు పోవడానికి ఒక తీగ, తిరిగి రావడానికి ఒక తీగ కావాలి. కారు ఒళ్లంతా ఇనుమే కదా, తిరుగు దారికి వేరే తీగ దేనికని బ్యాటరీ రెండో కొనను బాడీకే బిగించారు. సగం రాగి మిగిలింది. కానీ అప్పటినుంచి ప్రతి దీపం ఆయువూ అది బాడీని తాకే చోట శుభ్రత మీద ఆధారపడింది. ఆ తాకే చోటునే మనవాళ్లు ఎర్తు అన్నారు.

హిందుస్థాన్ మోటార్స్ 1942లో, ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో మొదలయ్యాయి. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనాతో 1957లో అంబాసిడర్ వచ్చింది. బొంబాయిలో తయారైన ఫియట్ 1100 తర్వాతి కాలంలో ప్రీమియర్ పద్మిని అయింది. ప్రతి కొత్త తయారీకీ ప్రభుత్వ లైసెన్సు కావాల్సిన కాలంలో కొత్త నమూనాలకు దారి దాదాపు మూసుకుపోయింది కాబట్టి అంబాసిడర్ 2014 వరకూ అదే ఆకారంతో హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారా ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ఉంది. ఆ ఆకారంతోపాటు బర్మింగ్‌హామ్ లూకాస్ కంపెనీ వైరింగు సంప్రదాయమూ వచ్చింది. 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ ఏర్పడ్డాక ఆ విడిభాగాలు ఇక్కడే తయారయ్యాయి. ఆ సంప్రదాయంలో తీగ రంగే దాని పేరు. గోధుమ రంగుది బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, ఎరుపు వెనక దీపాలది, ఆకుపచ్చ మీద ఊదా గీత ఉన్నది బ్రేకు దీపానిది, నలుపు ఎర్తుది. వైరింగు పటం చదవలేని కుర్రవాడు కూడా ఒక కారు మీద ఈ రంగులు నేర్చుకుంటే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన కారు మీదా పని చేయగలిగాడు. మెకానిక్కు, టింకరింగు, కుషన్ పని, ఆటో ఎలక్ట్రికల్ అంటూ విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పనులు వేటికవి విడివడి, గురువు పక్కన కూర్చుని నేర్చుకునే వృత్తులుగా నిలదొక్కుకోవడానికి ఈ మార్పులేనితనం పెద్ద ఆధారమని నేననుకుంటాను.

ఇక జబ్బు సంగతి. వెనక దీపంలో ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు ఉంటాయి: మామూలుగా వెలగడానికి 5 వాట్లది, బ్రేకు వేసినప్పుడు 21 వాట్లది. తారుమారుగా పెట్టకుండా బల్బుకున్న రెండు పిన్నుల్ని వేరువేరు ఎత్తుల్లో అమర్చారు. రెండు ఫిలమెంట్లకూ తిరుగు దారి మాత్రం ఒక్కటే, ఇత్తడి టోపీ. ఆ టోపీ హోల్డరును, హోల్డరు బాడీని తాకాలి. తడి తగిలితే ఇత్తడీ ఇనుమూ కలిసే చోట తుప్పు త్వరగా పుడుతుంది; సముద్రపు గాలి సోకే మచిలీపట్నం, విశాఖ వైపు మరీ త్వరగా. టింకరింగు చేసి కొత్త రంగు కొట్టిన కారుకు ఆ రంగే అడ్డుపొర అవుతుంది. కుడి దీపానికి ఎర్తు పూర్తిగా తెగిందనుకుందాం. లైట్లు వేస్తే కరెంటు 5 వాట్ల ఫిలమెంటు దాటి, బయటికి దారిలేక, 21 వాట్ల ఫిలమెంటు గుండా బ్రేకు తీగలోకి ఎదురు నడిచి, ఎడమ దీపం బ్రేకు ఫిలమెంటు ద్వారా బాడీకి చేరుతుంది. లావుపాటి ఆ ఫిలమెంట్లు అంత కొద్ది కరెంటుకు వెలగవు, అడ్డూ పెద్దగా చెప్పవు. అందుకే కుడి దీపం దాదాపు మామూలుగానే వెలుగుతూ కనిపిస్తుంది. ఆ స్థితిలో బ్రేకు తొక్కితే బల్బుకు రెండు వైపులా ఒకే 12 వోల్టులు నిలిచి, కరెంటు ఆగిపోయి, దీపం ఆరిపోతుంది. వెనకవాడికి ఎర్రగా మండాల్సిన క్షణంలోనే చీకటి! బల్బు మంచిదే, ఫ్యూజు మంచిదే, స్విచ్చూ మంచిదే. ఒకటి వేస్తే ఇంకొకటి ఆరినా, ఇండికేటరుతోపాటు వెనక దీపం మినుకుమన్నా ఎలక్ట్రీషియన్ నేరుగా ఎర్తు స్క్రూ దగ్గరికి పోవడం గుడ్డి అలవాటు కాదు. అది తర్కం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇంత తర్కం తెలిసినవాడు మీటరు పెట్టి కొలవకుండా, రెండు తీగలు కట్టిన బల్బుతో ఎందుకు పరీక్షించాడు? ఈ టెస్ట్ ల్యాంపును వెనకబాటుకు గుర్తుగా చూపిస్తారు. నా లెక్క వేరు. మీటరు దాదాపు కరెంటు తీసుకోదు. తుప్పు పట్టిన కనెక్షను గుండా కూడా అది నిండు 12 వోల్టులు చూపిస్తుంది, అంతా బాగుందని నమ్మిస్తుంది. 21 వాట్ల బల్బు ఒకటిన్నర ఆంపియరు పైనే లాగుతుంది. దారిలో 2 ఓములు అడ్డు ఉంటే చాలు, బల్బుకు మిగిలేది సుమారు 9 వోల్టులు, వెలుతురు సగం కూడా రాదు. అంటే అసలు దీపం పడే ఇబ్బందే టెస్ట్ ల్యాంపూ పడుతుంది. పైగా పాత ఇంగ్లీషు కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొనే బాడీకి ఉండేది, తర్వాత నెగటివ్‌కు మారింది. టెస్ట్ ల్యాంపుకు ఆ తేడాతో పనిలేదు. దీపం వెలుగుతుండగా బల్బు టోపీకీ బ్యాటరీ ఎర్తు కొనకూ మధ్య మీటరు పెడితే అదీ సరైన సమాధానమే ఇస్తుంది. ఎక్కడ, ఎప్పుడు పెట్టాలో తెలియాలి, అంతే.

ఇంకో ఆక్షేపణ బలమైనది, దాన్ని ఒప్పుకోవాలి. అతుకుల పని. తెగిన చోట దొరికిన తీగ ముడివేసి టేపు చుట్టడం, ఎర్ర తీగ బదులు పసుపు తీగ లాగడం, ఫ్యూజు పోతే దాని చోట రాగి పోగు పెట్టడం. ఇవన్నీ జరిగాయి, వాటివల్ల వైరింగు కాలిన కార్లూ ఉన్నాయి. పాత ఇంగ్లీషు నమూనాల్లో అనేకం రెండే రెండు ఫ్యూజులతో వచ్చాయి, దీపాలకు చాలాసార్లు ఫ్యూజే లేదు. కాబట్టి తప్పంతా మరమ్మతు షెడ్డుది కాదు. అయినా నేను ఈ వృత్తిని తప్పుపట్టేది ఇక్కడే. తన చదువంతా తీగ రంగుల మీద నిలబడి ఉండగా ఆ రంగుల్నే చెరిపేసుకుంది. ఒకడి చేతి అతుకు తర్వాతివాడికి చిక్కుముడి అయింది. తెలివి లోపించి జరిగింది కాదది. సరైన రంగు తీగ కోసం ఆగేంత తీరిక ట్యాక్సీవాడికి లేదు, అమ్మేంత సరుకు దుకాణంలో లేదు.

కొత్త కార్లలో ఈ విద్య చెల్లదన్న మాట కొంతవరకే నిజం. ఎల్‌ఈడీ దీపాలు, కంప్యూటరు నడిపే సర్క్యూట్లు వచ్చాక టెస్ట్ ల్యాంపు కొన్నిచోట్ల ప్రమాదకరం కూడా. అది లాగే కరెంటును తట్టుకోలేని భాగాలున్నాయి. కానీ బాడీయే తిరుగు తీగ అన్న ఏర్పాటు మారలేదు, తుప్పు గుణమూ మారలేదు. వెనక ఎర్రదీపం 155 మీటర్ల దూరానికి కనపడాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు అడుగుతున్నాయి. మసకబారిన ఎర్తుతో ఆ దూరం దక్కదు, కారు ఏ కాలానిదైనా సరే.

బొంబాయి పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబరుతో రోడ్డు దిగిపోయాయి. మిగిలిన అంబాసిడర్లను ఇప్పుడు ఇష్టంతో బాగుచేయించుకుంటున్నవారు డిక్కీ లోపలి వైరింగు కట్టను కోసి పారేసి కొత్తది వేయిస్తున్నారు. కోసేముందు ఆ నల్ల టేపును ఒక్కసారి విప్పి చూడమని వాళ్లను కోరుతాను. అడుగున ఎర్ర తీగ, దానికి ముడివేసిన పసుపు తీగ, ఆ ముడి మీద వేరెవరో చుట్టిన ఇంకో పొర టేపు, చివర బాడీ మీద రూపాయి బిళ్లంత మేర గీకి మెరిపించిన ఇనుము: పేరు రాసుకోని ఎంతమంది చేతులో అక్కడ వరసగా కనిపిస్తాయి.