సీనరీలో వెలుగు

గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందుగదిలో ఒక సీనరీ ఉండేది. చుట్టూ మంచుకొండలు, నడుమ చెరువు, మబ్బును చీల్చుకొని నీళ్ల మీద పడే ఒకే ఒక్క వెలుగుచార. క్యాలెండర్ చూసి, తలుపులకు వేయగా మిగిలిన రంగులతో అట్ట మీద మా అమ్మ వేసింది. వచ్చినవాళ్లు "ఏడ కొన్నవన్నా?" అని బాపును అడిగితే ఆయన నవ్వి ఊరుకునేవాడు. అమ్మ వేసిందని చెప్పేవాడు కాదు.

పరిశోధనలో భాగంగా దామెర్ల రామారావు (1897-1925) గురించి చదువుతున్నప్పుడు ఆ అట్ట గుర్తొచ్చింది. మా ఊరి పక్క గోదావరే కిందికి రాజమండ్రి చేరుతుంది. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లాడు, తిరిగొచ్చి చిత్రకళకు ఒక బడినే నిలబెట్టాడు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. ఇదంతా కళాచరిత్రల్లో వివరంగా దొరుకుతుంది. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. వాళ్లు మాత్రం ఆయన జీవితకథలో ఒక వాక్యంగా వచ్చిపోతారు. భార్య, సోదరి అన్న మాటలే అక్కడ వాళ్ల పరిచయం.

ప్రకృతి దృశ్యం వేయాలంటే ముందు దాని ఎదుట నిలబడాలి. గంటల తరబడి, ఒంటరిగా, వెలుగు మారేదాకా. ఆ తీరిక, ఆ ధైర్యం ఏ ఆడమనిషికి ఇచ్చారు? మా ఊళ్లో వెలుగు వింత చూపించేది బాయి లోపల. చిమ్మచీకట్లో టోపీ దీపం పడ్డ మేరకే బొగ్గు మెరుస్తుందనేవాడు బాపు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. ఆ తలుపు కాస్త తెరిచింది 2019లోనే. అమ్మ ఆ వెలుగును విన్నదే గానీ చూడలేదు.

అయినా వేసింది. ముందు అట్టంతా నల్లగా పూసింది. ఆరాక దూరపు కొండలకు నీలంలో తెలుపు కలిపి పలచన చేసింది, దగ్గరివి ముదురుగా ఉంచింది. తెల్లరంగు ఆఖరున, ఒక్కచోటే. "అన్ని జాగల తెలుపు వెడ్తె ఏడా వెలుగు గనవడది" అనేది. (నీటిరంగుల్లో ఇది తలకిందులు, కాగితం తెలుపునే వెలుగుగా వదిలేయాలి.)

మంచుకొండలు అమ్మ ఎన్నడూ చూడలేదు. ఓపెన్ కాస్ట్ మట్టి పోసిన గుట్టలు, గుంతల్లో నిలిచిన నీళ్లు రోజూ చూసింది. మాకు కొండా చెరువూ రెండూ కంపెనీ చేసినవే. పొద్దువాలే వేళ అవి అచ్చం సీనరీలాగే ఉంటాయని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు. ఒకప్పుడు ఊళ్లూ పొలాలూ ఉన్న నేల అది.

ఇలాంటి బొమ్మలు మనుషుల శ్రమను తుడిచేస్తాయని నేను క్లాసులో పాఠం చెబుతాను. అదే అమ్మను అడిగాను, నీ బొమ్మలో మనుషులేరని.

"మనిషిని వెడ్తె ఆమెకు వంట గూడ వెట్టాలె గదనే. ఒక్క జాగన్న ఎవ్వరు లేకుంట ఉండనియ్యి."

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు అట్టను తిప్పి చూశాను. పేరు లేదు. పెన్సిలుతో పాల లెక్క ఉంది.