మిరప ఎరుపు, మాత్రల కథ

గుంటూరు కల్లాల్లో ఎండే మిరపకాయల ఎరుపు మనకు కొత్త కాదు. అయితే మిరప పుట్టిల్లు మాత్రం అమెరికా ఖండం. పోర్చుగీసువారి ఓడల్లో మన దేశానికొచ్చింది. అదే మొక్క యూరప్‌లోని హంగరీ చేరి పాప్రికా అయింది. అక్కడి శాస్త్రజ్ఞులు జెక్‌మైస్టర్, చోల్నొకి 1927లో ఆ ఎర్రరంగు మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆ రంగు పేరు కాప్సాంథిన్. క్యారెట్‌లో, గోంగూరలో, మునగాకులో ఉండే కెరోటిన్‌కు దగ్గర చుట్టం. ఈ కుటుంబమంతటినీ కెరోటినాయిడ్లు అంటారు.

కెరోటిన్ మన ఒంట్లో 'ఎ' విటమిన్‌గా మారుతుంది, కాప్సాంథిన్ మారదు. ఒంట్లో ప్రాణవాయువు చర్యల వల్ల కణాలకు జరిగే చెరుపును ఇవి కొంత ఆపగలవు కనుక యాంటీ ఆక్సిడెంట్లన్న పేరొచ్చింది. ఇవాళ మందుల షాపులో "ఆడవారికి ప్రత్యేకం" అని అమ్మే మాత్రలకు ఈ పేరే పెట్టుబడి.

మరి మాత్రలు పనిచేశాయా? కెరోటిన్ ఉన్న కూరలు బాగా తినేవారిలో క్యాన్సర్ తక్కువని గమనించి, 1980ల్లో పెద్ద పరీక్షలు మొదలెట్టారు. ఫిన్లాండులో పొగతాగే మగవారు 29,133 మంది. 1994లో ఫలితం చూస్తే, రోజూ 20 మిల్లీగ్రాముల కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది! ఆడవారు కూడా ఉన్న మరో పరీక్షను అమెరికాలో 1996లో మధ్యలోనే ఆపేశారు. అక్కడా ఇదే వరస. ప్రకాశం జిల్లా పొగాకు పండే నేల. చుట్ట అలవాటున్న అత్తగారికి బలానికని ఈ మాత్రలు కొనిపెట్టే కోడళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

అచ్చంగా ఆడవారి మీద జరిగిన పరీక్ష కూడా ఉంది. అమెరికాలో వైద్యవృత్తిలో ఉన్న, 45 ఏళ్ళు నిండిన 39,876 మంది స్త్రీలు. సగం మందికి రోజు విడిచి రోజు 50 మిల్లీగ్రాముల కెరోటిన్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర. 1999లో తేలిందేమిటంటే, క్యాన్సర్ విషయంలో లాభమూ లేదు, నష్టమూ లేదు. డబ్బు మాత్రం దండగేగా!

అలాగని అన్ని మోతాదులూ వృథా కాదు. 'ఎ' విటమిన్ లోపంతో పసివాళ్ళు చూపు కోల్పోతుంటే, 1970లో మన దేశంలో ఆరు నెలలకోసారి ఆ విటమిన్ మందు పోసే పథకం వచ్చింది. దాని వెనక హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ కృషి ఉంది. అది లోటున్నచోట లోటు తీర్చడం.

ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె ఎర్రగా ఎందుకుంటుందో గమనించారా? ఈ రంగులు నీళ్ళలో కరగవు, నూనెలో కరుగుతాయి. ఒంటికి పట్టాలన్నా అంతే, కాస్త కొవ్వు కావాలి. గోంగూర పచ్చట్లో నూనె చుక్క అందుకే. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలింది ఊడ్చుకోకుండా, ఈసారి ఆకుకూర మనకీ ఓ గరిటెడు ముందే తీసి పెట్టుకుందాం.