రాబందులు లేని యాకాశము

నా బాల్యమున మా యూర పశువు చచ్చినచో వెలుపలి బీటిలో పడవేసెడివారు. ఎక్కడినుండి చూచెడివో, గడియలోపల రాబందులు దిగెడివి. ప్రొద్దు గ్రుంకునప్పటికి ఎముకలు మాత్రమే మిగిలెడివి. ఈ పాకీపనికి వానికి కూలి లేదు సరికదా, అశుభపక్షులని నింద! జటాయువును కొనియాడు మనము చేసిన న్యాయమది.

1990 తరువాత ఇవి మాయమగుచు వచ్చినవి. 1992కును 2007కును నడుమ మన దేశమున తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించినవి. తెగులని కొందఱు, ఆకలియని కొందఱు తలంచిరి. లిండ్సే ఓక్స్ అను పశువైద్యుడును ఆయన తోడివారును పాకిస్థానమున చచ్చిన పక్షులను కోసి పరీక్షించి, 2004లో అసలు కారణమును ప్రకటించిరి. అది డైక్లోఫినాక్ అను నొప్పిమందు. ఎద్దునకు వాపు తగ్గించుటకై సూదితో ఎక్కించు మందే యది. ఎద్దునకు మేలే, కాని మందు ఒంట నుండగా చచ్చిన పశువును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి, దినములలో ప్రాణము పోవును. మందు వేయించిన రైతు రాబందును తలంచియు నుండడు. ప్రాణులకును పరిసరములకును గల ముడి యిట్టిదే, కంటికి కనబడదు.

ఏటికొక్క గ్రుడ్డు పెట్టు జాతి, తరిగినంత వేగముగ పెరుగునా? మిగిలిన మాంసము కుక్కల పాలయ్యెను. కుక్కలతోపాటు పిచ్చికుక్కకాటు భయమును హెచ్చెను.

2006లో ప్రభుత్వము పశువులకీ మందును నిషేధించెను. మనుష్యుల పేర చేసిన పెద్దసీసాలు కొట్టములకు చేరుచుండుటచే, 2015లో సూదిమందు సీసా 3 మిల్లీలీటర్లకు మించరాదని కట్టడి చేసిరి. మెలాక్సికాం అను మందు పశువు నొప్పిని తగ్గించును, రాబందును చంపదు. ఈసారి ఎద్దునకు సూది వేయించునప్పుడు మందు పేరడిగి తెలిసికొనుడు.