విద్యుద్దీపమును వెలిగించినవారు

కృష్ణవేణి అచ్చంపేట సీమకు సమీపముననే ప్రవహించుచున్నను, నల్లమల లోయల లోతున నుండుటచే మెట్టభూముల రైతునకు చిరకాలము బావినీరే దిక్కయ్యెను. ఆ నీటిని పైకి దెచ్చునది విద్యుత్తు. కావున దానిని సమకూర్చినవారి చరిత్రము మనకు అన్యము గాదు.

కృష్ణామండలమున కవుతరమునకు జెందిన నార్ల తాతారావుగారు (1917–2007) మధ్యప్రదేశమున విద్యుచ్ఛాఖలో బనిచేసి, 1974లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్తు బోర్డునకు అధ్యక్షులై, 1988 వఱకు నా పదవిని నిర్వహించిరి. జలవిద్యుత్తు వర్షాధీనము, అనావృష్టి వచ్చెనా, యంత్రము నిలిచిపోవును. బొగ్గుతో నడచు కేంద్రమున కా బాధ లేదు. అందుచే వారి కాలమున రెండు మార్గములును సాగినవి: 1978లో నాగార్జునసాగరమునను, 1979లో విజయవాడ తాపవిద్యుత్కేంద్రమునను, 1982లో శ్రీశైలము కుడిగట్టునను విద్యుదుత్పాదన మారంభమయ్యెను. విజయవాడ కేంద్రము నేడు వారి పేరనే పిలువబడుచున్నది.

అయినను అధ్యక్షుడొక్కడే దీపము వెలిగింపజాలడు. అనంతరకాలమున నిర్మితమైన శ్రీశైలము ఎడమగట్టు భూగర్భకేంద్రము మన దోమలపెంట చెంతనే యున్నది. అందు 2020 ఆగస్టు 20వ తేది రాత్రి చెలరేగిన యగ్నిప్రమాదమున ఇంజనీర్లును సిబ్బందియు తొమ్మిదిమంది ప్రాణములు గోల్పోయిరి. కేంద్రద్వారమున నొక మహనీయుని నామము వెలయుట యుచితమే. సోదరులారా, మన బావికడ మోటారు దిరిగినప్పుడెల్ల ఆ తొమ్మిదిమందిని గూడ స్మరించుట మన విధి.